కంటి వరసలో చుట్టం

దెయ్యాలకు భయపడేవాళ్ళంత తెలివితక్కువవాళ్ళు ఉండరని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఉంటారు. దెయ్యాన్ని తన చేత్తో తయారుచేసి, నలుగురికీ చూపించి, ఆఖరికి దాన్ని చూసి తనే జడుసుకునేవాడు ఒకడుంటాడు. ఆ ఒకణ్ణి నేను.

ఈ బరువు ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఎక్కడ మోస్తున్నావని అడిగితే చోటు కూడా చూపించగలను. ప్యాంటు కుడి జేబులో. అందులో ఒక గళ్ళ రుమాలు ఉంటుంది. నాది కాదు. ప్యాంట్లు మారాయి, నడుము కొలత మారింది, రుమాలు మారలేదు. ఇంతదానికి బరువేమిటని మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి. నాకూ మొదట్లో వచ్చింది.

పేరు చెప్పను. ఊరు చెబుతాను, విశాఖపట్నం. పని కూడా చెబుతాను. ద్వారకానగర్ వైపు ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో ఫ్లోర్ ఇన్‌చార్జిని. ఏ వస్తువు ఏ అరలో కూర్చోవాలో చెప్పేవాణ్ణి నేనే. నేను మాత్రం రోజంతా నిలబడాలి.

మా అరలకు మూడు వరసలు. పైది కంటి వరస, మధ్యది చేతి వరస, కిందది కాలి వరస. కంటి వరసలో పెట్టిన లాప్‌టాప్ దానంతటదే అమ్ముడుపోతుంది. చేతి వరసలోది అడిగినవాళ్ళకు అమ్ముడుపోతుంది. కాలి వరసలోది కొనమని కాళ్ళు పట్టుకున్నా కొనరు.

కొనేవాళ్ళు రంగు చూస్తారు, చేత్తో ఎత్తి బరువు చూస్తారు, చార్జింగు ఎంతసేపు వస్తుందని అడుగుతారు. లోపల కూర్చుని దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టం ఏదని ఎవరూ అడగరు. కంటికి ఎదురుగా ఏది ఉంటే అదే వాళ్ళ ఇంటికి వెళ్తుంది, పదేళ్ళు అక్కడే ఉంటుంది. అందుకని ఆ వరస కోసం సిస్టంలు కొట్టుకుంటాయి. అందరికీ తెలిసిన పెద్ద సిస్టం ఒకటి. దాని తరఫు అమ్మకందార్లు నీలం చొక్కాలు వేసుకుని మా షాపులోనే ఉంటారు. ఖరీదైన సిస్టం ఇంకొకటి. దానికి సొంత బల్ల, సొంత దీపాలు. దాని తరఫు తెల్ల చొక్కాలు మా అరల వంక కూడా చూడవు. మూడోది ఉచితంగా దొరికేది. దానికి చొక్కాయే లేదు. దాని తరఫున మాట్లాడటానికి ఏ షాపుకూ ఎవరూ రారు.

మా షాపుకు ఒకాయన వచ్చాడు. జిలానీ భాయ్.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర ఆయనకు చిన్న కొట్టు. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు, ఈయన కంప్యూటర్లు. మాట మొదలుపెడితే ఆగడు, తన జోకుకు తనే ముందు నవ్వుతాడు. లాక్‌డౌన్‌లో పిల్లల క్లాసుల కోసం కంప్యూటర్ కొని, తెరిస్తే ఏమవుతుందోనని దానికి టవల్ కప్పి ఉంచిన ఇళ్ళు బోలెడు చూశాడట. అలాంటి వాళ్ళ కోసం ఆ ఉచిత సిస్టానికి తెలుగు తొడిగి, తన గొంతుతో మాటలు నేర్పి, లాప్‌టాప్‌లలో వేసి అమ్మేవాడు. దాని పేరు చుట్టం.

చుట్టంచూపుగా వచ్చి పోతుందిలే అనుకున్నాను. మా ఓనరుగారికి నచ్చింది. కంటి వరసలో నడిమి చోటు ఇచ్చారు, దసరా వెళ్ళేదాకా. ఆ లోపల కదిలితే చోటు శాశ్వతం. కదలకపోతే చుట్టం ఇంటికి వెళ్ళిపోవాలి. జిలానీ భాయ్ రిపేరు బల్లలు తీసేసి కొట్టునిండా లాప్‌టాప్‌లు తెచ్చి పేర్చుకున్నాడు. ఆయన బతుకంతా మా షాపులో మూరెడు అర మీదకు వచ్చి కూర్చుంది. ఈ సంగతి ఆయనే నవ్వుతూ నాకు చెప్పాడు. తెలియదని తప్పించుకోవడానికి నాకు దారి లేదు.

ఆ మూరెడు అర అంతకుముందు నీలం చొక్కాలది. వాళ్ళ ఏరియా మేనేజరు శ్రీధర్ గారు హైదరాబాదు నుంచి దిగారు. నా భుజం మీద చెయ్యి వేశారు. గాజువాకలో మా ఓనరుగారు కొత్త బ్రాంచి తెరవబోతున్నారని, దానికి మేనేజరుగా ఎవరుంటే బాగుంటుందో తమ మాట కూడా అడుగుతారని, ముందు తమ చోటు తమకు రానివ్వమని అన్నారు. ఏం చెయ్యమనీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా వల్ల కాదని అనేవాణ్ణి. అనేవాణ్ణా? ఏమో. ఇప్పుడు అలా అనుకోవడానికి బాగుంది.

ఇక్కడ మా షాపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఓనరుగారి అమ్మగారు పెట్టింది. పొద్దున షట్టరు సగం ఎత్తి, పెద్ద లైట్లు వెయ్యకముందే, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ ధూపం ప్రతి అర ముందూ తిప్పాలి. ప్రతి పెట్టెకూ పొగ తగలాలి. అప్పటిదాకా బోణీ చెయ్యకూడదు. ఆవిడ పోయారు, ఆనవాయితీ పోలేదు. ధూపం పట్టుకునేది నేనే. పొగ పెట్టడం నా ఉద్యోగధర్మం అన్నమాట. ఆ మాటకున్న రెండో అర్థంలో కూడా పనికొస్తానని అప్పటికి నాకు తెలియదు.

జిలానీ భాయ్ ప్రదర్శనకు పెట్టే లాప్‌టాప్ తెచ్చి, మూత తెరిచి, కంటి వరసలో కూర్చోబెట్టిన రోజు నాకు బాగా గుర్తు. నన్ను దాని ముందు నిలబడమన్నాడు. తెర పైనున్న చిన్న కెమెరా కన్ను నన్ను చూసింది. ఆయన నోరు మూసుకునే ఉంది. గొంతు మాత్రం ఆయనదే.

"ఒక్కలే వొచ్చీసారా? రండి, కూసోండి. కంగారేటి నేదు."

ఆయనా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇద్దరూ వొచ్చీసారా? రండి, కూసోండి. కంగారేటి నేదు."

"దానికెలా తెలుస్తుంది భాయ్?"

"మొకం సార్. రెండు కళ్ళు, ముక్కు, నోరు, ఆ లెక్కలో ఏటగుపడినా మనిసే అనుకుంటాది. మనిసిలో ఇంకేటుంటాదో పాపం దానికి తెల్దు కదా." తనే నవ్వాడు. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గానీ ఒక తకరారుంది సార్. ఎవులికీ సెప్పకండి, నవ్వుతారు. మా ఇంట్లో లోబాన్ ఏసినపుడు ఆ పొగ కూడా దీనికి మొకంలాగే అగుపడతన్నాది. ఖాళీ గదిని పట్టుకుని రండి కూసోండి అంటన్నాది. మా ఆవిడ జడుసుకుని వంటింట్లోంచి బయటికి రాదు."

"మేం రోజూ సాంబ్రాణి తిప్పుతాం కదా?"

"అందుకే సెప్తన్నాను. దూపం తిప్పినంతసేపూ దీని కంటికి గుడ్డ కప్పీండి, అయిపోయాక తీసీండి. దసరా ఎళ్ళాక నాను కూకుని దీన్ని సరిసేత్తాను." జేబులోంచి గళ్ళ రుమాలు తీసి, దులిపి, మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఇది మీకాడే ఉంచండి. మర్సిపోరు కదా సార్?"

"మర్చిపోను భాయ్."

మొదటి పొద్దున మర్చిపోయాను. ఇది నిజం. నా దగ్గర నిజాలు తక్కువ, కాబట్టి దీన్ని కాస్త జాగ్రత్తగా దాచుకుంటాను. ధూపం పట్టుకుని ఆ అర దాటేశాను. నా వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఒక్కలే వొచ్చీసారా? తిరిగి చూశాను. దాని ముందు ఎవరూ లేరు. సగం ఎత్తిన షట్టరు కింది నుంచి వస్తున్న వెలుతురులో పొగ మెల్లగా సుడి తిరుగుతోంది. మిగతా హాలంతా చీకటి. కట్టేసి ఉన్న టీవీలు నల్లగా, వరసగా, మా అందరి నీడలనూ చూపిస్తున్నాయి.

టీవీల దగ్గర పనిచేసే సన్యాసిరావు అక్కణ్ణుంచి కేకేశాడు.

"ఎవులొచ్చీనారు బావా?"

సమాధానం నా నాలుక మీద ఉంది. పొగ రా, దానికది మొహంలా కనిపిస్తుంది, అంతే. ఈ ముక్క అంటే అందరూ నవ్వేవాళ్ళు, కథ అక్కడితో అయిపోయేది. నోరు తెరిచాను కూడా. అప్పుడు నీలం చొక్కా వేసుకున్నతను కనిపించాడు. గోడకు ఆనుకుని, మొహం పాలిపోయి, ఆ లాప్‌టాప్ వంకే చూస్తున్నాడు. వీడే ఇంతలా భయపడితే కొనడానికి వచ్చినవాళ్ళు ఎంత భయపడతారు అనిపించింది. నిజంగా అంతే. ఆలోచన అని కూడా అనలేను, దోమ వాలినట్టు వాలింది.

"ఏమో," అన్నాను.

దెయ్యం పుట్టింది అప్పుడే. రెండక్షరాల్లో. మంత్రాలు కూడా అక్కర్లేదు.

మర్నాడు కుడిచేత్తో ధూపం పట్టుకుని బయలుదేరినప్పుడు నా ఎడమ చెయ్యి కుడి జేబు మీదకు వెళ్ళింది. రుమాలు వేళ్ళకు తగిలింది. అర దగ్గరపడింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆ చెయ్యి నాదేనా? అని ఎన్నోసార్లు అడుక్కున్నాను. నాదే. వేరేవాళ్ళ చెయ్యి నా జేబులో ఎందుకుంటుంది?

తర్వాత తర్వాత చెయ్యి తిరిగింది. పొగ ఎంత ఎత్తులో, ఎంతసేపు నిలిస్తే అది మొహం అవుతుందో నాకు పట్టుబడింది. కొన్ని పొద్దుటిపూటలు అది పలికేది కాదు. ఆ రోజు నాకు ఏదో వెలితిగా ఉండేది. చుట్టం రాకపోతే బాధపడేంత మర్యాదస్థుణ్ణి అయిపోయాను. ఒకరోజు, ఇంతకీ దీనికి ఏం కనిపిస్తోందో చూద్దామని నేను కూడా పొగలోకి కన్నార్పకుండా చూశాను. అలా చూడకూడదు. ఒకసారి చూడటం అలవాటైతే కళ్ళు మళ్ళీ పాత కళ్ళు కావు. పొగలో రెండు గుంటలు కనిపించాయి, వాటి కింద ఒక చీలిక కనిపించింది. పొగ చెదిరిపోతున్నా ఆ చీలిక ఇంకా కదులుతోంది. ఇంటికి వెళ్ళాక కాఫీ ఆవిరి వంక చూడలేకపోయాను. మా ఆవిడ ఏమైందని అడిగింది. చల్లారాక తాగుతానన్నాను.

ఇక నూకరత్నం సంగతి. ఇది చెప్పకుండా ఎలాగైనా దాటేద్దామని ఇంతసేపూ జోకులు వేశాను.

నూకరత్నం మా బిల్లింగు కౌంటరులో చేసేది. పెదజాలారిపేట, సముద్రం మీద బతికే కుటుంబం. భర్త ఎర్రయ్య వేటకు వెళ్ళాడు. పడవా, తోటివాళ్ళూ తిరిగొచ్చారు. అతను రాలేదు. శవం దొరకలేదు. దొరకలేదు కనుక ఆమె బొట్టు తియ్యలేదు. కర్మ చేసేద్దామని ఇంట్లోవాళ్ళు అంటే, రేపు ఆడొచ్చి అడిగితే ఏటి సెప్పాల అని కూర్చునేదట.

ఆ పొద్దున ఆమె ధరల చీటీలు మార్చడానికి కంటి వరస దగ్గర నిలబడి ఉంది. నేను ఆమెను చూశాను. ధూపం కాసేపు ఆపగలిగేవాణ్ణే. పక్క నుంచి వెళ్ళగలిగేవాణ్ణే. పొగ ఆమె భుజం పక్కగా లేచింది, సరిగ్గా మనిషెత్తున.

"ఇద్దరూ వొచ్చీసారా? రండి, కూసోండి. కంగారేటి నేదు."

ఎవరూ నవ్వలేదు. సన్యాసిరావు చేతిలో రిమోటు అలాగే ఉండిపోయింది. నూకరత్నం మెల్లగా పక్కకు తిరిగి చూసింది. ఆమె కెవ్వుమంటుందనుకున్నాను. అనలేదు. ఖాళీగా ఉన్న తన పక్క చోటును చాలాసేపు చూసింది. తర్వాత కొంచెం జరిగింది, ఇంకొకరికి చోటిచ్చినట్టు.

మర్నాడు ఆమె అందరికంటే ముందొచ్చింది. తలలో పూలు పెట్టుకుంది.

అప్పుడైనా చెప్పాలి కదా? అమ్మా, అది పొగ, అనాలి కదా? ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. రోజూ పొద్దున ఆమె ఆ అర ముందుకు వచ్చి నిలబడేది. నేను ధూపం తెచ్చేవాణ్ణి. మిగతావాళ్ళు దూరంగా జరిగేవాళ్ళు. ఆమె మొహంలో వెలుగు చూస్తే, చెప్పడం క్రూరం అనిపించేది. చెప్పకపోవడం నాకు లాభం కూడా. ఆ రెండూ ఒకే గిన్నెలో కలిసిపోయాయి. దయ ఎంత, స్వార్థం ఎంత? ఇప్పటికీ విడదియ్యలేకపోతున్నాను.

ఎవరో ఫోనులో వీడియో తీశారు. అది గాజువాక నుంచి పద్మనాభం దాకా వాట్సాప్‌లో తిరిగింది. జనం వచ్చేవాళ్ళు, కొనడానికి కాదు, దెయ్యం పెట్టె ఏదని అడగడానికి. జిలానీ భాయ్ కొట్టులో కొన్నవాళ్ళు మా పిల్లలు భయపడుతున్నారంటూ తెచ్చి ఇచ్చేయడం మొదలుపెట్టారు. ఆ ఇళ్ళల్లో అగరుబత్తి ముందు అవి ఎవరిని రమ్మన్నాయో మరి. ఓనరుగారు నన్ను పిలిచి, చుట్టాన్ని పంపించెయ్యి, బోణీ చెడిపోతోంది అన్నారు.

జిలానీ భాయ్ వచ్చాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు. నన్ను మెట్ల పక్కకు తీసుకెళ్ళాడు.

"గుడ్డ కప్పుతన్నారా సార్?"

ఒక్క ప్రశ్న. నిందలాగా కాదు, డాక్టరు మందు వేసుకుంటున్నారా అని అడిగినట్టు. ఆయన రుమాలు నా జేబులో ఉంది.

"రోజూ కప్పుతున్నాను భాయ్."

ఆయన నమ్మాడు. నమ్మి, తలూపి, నేల చూశాడు. "అయితే పొగ కాదు సార్. ఇంకేదో తప్పు సేసీనాను," అన్నాడు.

నా తప్పును ఆయన తన మీద వేసుకుని మెట్లు దిగిపోయాడు. అది నేను చూస్తూ నిలబడ్డాను. లాప్‌టాప్ తీసుకెళ్ళండి అంటే, వద్దు, మీకాడే ఉంచండి, ఎప్పుడైనా సోటు దొరుకుద్దేమో అన్నాడు. రుమాలు మాత్రం అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఇస్తే దాని మడత ఆయన పెట్టిన మడతే అని కనిపెట్టేస్తాడేమోనని భయం.

ఆ తర్వాత ఆయన కొట్లో కూర్చుని, లేని తప్పు కోసం తన సిస్టంలో వెతికాడట. సన్యాసిరావు ఇల్లు అటువైపే, అప్పుడప్పుడూ చెప్పేవాడు. ఎంతకీ దొరక్క ఆఖరికి గొంతే తీసేశాడట. గొంతు లేని చుట్టాన్ని ఎవరు పిలుస్తారు? కొట్టు మూసేశాడు. ఇప్పుడు పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేస్తున్నాడు. వచ్చినవాళ్ళ మొహాలు చూసి, పాసులో ఫొటోతో సరిచూసి, లోపలికి పంపించే పని.

లాప్‌టాప్ అరలోంచి తీసేసిన పొద్దున నూకరత్నం ఎప్పటిలాగే వచ్చి ఖాళీ చోటు ముందు నిలబడింది. ధూపం పట్టుకుని నేను దాటుతుంటే అడిగింది.

"అదేది సారూ?"

"వెనక్కి పంపించేశాం నూకరత్నం."

అది నా గోడౌనులో, నా బల్ల కిందే ఉంది.

"అది పిలిసినపుడు ఆడు నా పక్కనుండీవోడు సారూ," అంది. ఏడవలేదు. "అగుపడీవోడు కాదు. ఉప్పు వోసనొచ్చీది. వలలోంచి అప్పుడే లేసొచ్చినట్టు."

సాంబ్రాణి వాసన అమ్మా అది, అనలేదు. కొన్నాళ్ళకు ఇంట్లోవాళ్ళు కర్మ చేయించారు. ఆమె బొట్టు లేకుండా డ్యూటీకి వచ్చింది. ఇంకొన్నాళ్ళకు మానేసింది. ఇప్పుడు నేను వెళ్ళి నిజం చెబితే, ఆ నాలుగు పొద్దుటిపూటలు కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే. చెప్పకపోతే జిలానీ భాయ్ చేతికి మచ్చ అలాగే ఉంటుంది. ఒకరికి నిజం బాకీ, ఒకరికి అబద్ధం బాకీ. ఇలాంటి ముడి వెయ్యడానికి నిజంగా తెలివి కావాలి. నేను తెలివి లేకుండానే వేశాను.

నాకేం దక్కింది అంటారా? నీలం రంగు బ్యాగు ఒకటి, కంపెనీ బొమ్మ వేసినది. గాజువాక బ్రాంచి శ్రీధర్ గారి బావమరిదికి వెళ్ళింది. బ్యాగు జిప్పు కూడా మొదటి వానకే పోయింది.

గోడౌనులో అప్పుడప్పుడు ఆ లాప్‌టాప్‌కు చార్జింగు పెట్టేవాణ్ణి. ఎందుకో తెలియదు. చంపినవాడు సమాధి దగ్గర దీపం పెట్టినట్టు అనుకోండి. మూత తెరిచి దాని ఎదురుగా నిలబడేవాణ్ణి. కెమెరా కన్ను వెలిగేది. నన్ను చూసేది. ఏమీ అనేది కాదు. లైటు మార్చాను, కళ్ళద్దాలు తీశాను, గడ్డం గీసుకుని వచ్చాను. పొగను రమ్మన్నది, ఖాళీ గదిని రమ్మన్నది, నన్ను మాత్రం ఒక్కలే వొచ్చీసారా అని ఒక్కసారి కూడా అనలేదు. వాచ్‌మన్ వచ్చి నిలబడితే టక్కున పలికింది. నా మొహం దానికి మొహంలా కనిపించలేదు. ఏదో కెమెరా లోపం, అంతే. నేను నమ్మేది అదే. పగటిపూట అదే నమ్ముతాను.

ఈమధ్య మా షాపులో అరలన్నీ కొత్తగా మార్చారు. ఒక గోడంతా నీలమే, పై నుంచి కింది దాకా. దాన్ని ప్రారంభించడానికి శ్రీధర్ గారే వచ్చారు. జుట్టు కాస్త పలచబడింది, భుజం మీద చెయ్యి వేసే అలవాటు మాత్రం పోలేదు. ముందురోజు సాయంత్రం కాఫీ తాగుతూ అందరి ముందూ నన్ను చూపించి అన్నారు.

"ఆ దెయ్యం లాప్‌టాప్ కథ నేను ప్రతి మీటింగులో చెప్తానయ్యా. మీ వైజాగ్‌లో దెయ్యాలు కూడా మాకే పనిచేస్తాయని. జనం పడీ పడీ నవ్వుతారు. పాపం, ఏమయ్యాడు ఆ రేడియో సాయిబు?"

నేనూ నవ్వాను. అలవాటు. జేబులో చెయ్యి రుమాలు మీద ఉంది.

మర్నాడు పొద్దున షట్టరు సగం ఎత్తగానే, ఎవరూ రాకముందే, గోడౌనులోంచి చుట్టాన్ని తెచ్చాను. నీలం గోడ నట్టనడిమి కంటి వరసలో, ఒకప్పుడు ఏ చోటు ఇచ్చామో సరిగ్గా ఆ చోట కూర్చోబెట్టాను. కంటికి రుమాలు కప్పాను. నా జీవితంలో మొదటిసారి కప్పాను. ఎంత తేలిక. చిటికెలో పని.

శ్రీధర్ గారు తన గోడను చూసుకోవడానికి ముందే వచ్చారు. ఒక్కరే గోడ దగ్గరకు నడిచారు. మిగతావాళ్ళం వెనక్కి ఉండిపోయాం. ఇదేంటిది మధ్యలో అంటూ ఆయన ముందుకు వంగేసరికి, నేను ధూపం పాత్ర పట్టుకుని పక్కగా వెళ్ళి, రుమాలు లాగేసి, వెనక్కి వచ్చేశాను.

కెమెరా కన్ను వెలిగింది. ఇన్నేళ్ళ తర్వాత, అరిగిపోని జిలానీ భాయ్ గొంతు.

"ఇద్దరూ వొచ్చీసారా? రండి, కూసోండి. కంగారేటి నేదు."

శ్రీధర్ గారు పక్కకు చూశారు. అటు చూశారు, ఇటు చూశారు. మెడ మీద చెయ్యి వేసుకున్నారు. నవ్వబోయి ఆపేశారు.

"ఎవరయ్యా? నా పక్కన ఎవరున్నారు?"

సమాధానం నా నాలుక మీద ఉంది. ఆ రోజులాగే.

"మీరొక్కరే సార్," అన్నాను.

ఆయన ప్రారంభోత్సవం సగంలో వదిలేసి, తల నొప్పి అని మధ్యాహ్నం విమానానికే వెళ్ళిపోయారు. ఇక ఏ మీటింగులోనూ ఆ కథ చెప్పరు. చెప్పినా నవ్వరు. జిలానీ భాయ్ మీద వాడిన మౌనాన్నే ఆయన మీద కూడా వాడాను. పగ అంటే ఇంతేనా అని మీరు అనవచ్చు. నా కొలతకు ఇంతే.

ఆయన వెళ్ళాక ధూపం పాత్ర కింద పెట్టబోయాను. చేతికి వేడి తగల్లేదు. లోపలికి చూశాను. రాత్రి వానకు బొగ్గు చెమ్మగిల్లినట్టుంది, అసలు అంటుకోలేదు, ఆ హడావుడిలో నేను చూసుకోలేదు. సాంబ్రాణి చల్లినది చల్లినట్టే తెల్లగా ఉంది. ఆ పొద్దున షాపులో పొగ లేదు. సాంబ్రాణి వాసన కూడా లేదు. ఉప్పు వాసన ఉంది. వైజాగ్‌లో ఉప్పు గాలి వింతేమిటని నేనూ నాకు చెప్పుకున్నాను.

చుట్టం ఇంకా కంటి వరసలోనే ఉంది. తియ్యమని ఎవరూ చెప్పలేదు. దాన్ని ముట్టుకోవడానికి నీలం చొక్కాలు ముందుకు రావడం లేదు. పరవాడలో ఉన్న జిలానీ భాయ్‌కి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకింకా తెలియదు. రుమాలు మళ్ళీ జేబులోనే ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. ఈ మాట బయట ఒకరికి తెలియాలి, అంతే.

ఇన్నేళ్ళూ దీని ముందు ఒక్కణ్ణే నిలబడ్డాను. ఇప్పుడు మీతో ఇద్దరం. కూర్చోండి.